అడుగున మోటారు ఆడతంది

మా నాన్నకి ‘స’ వినపడదు. ‘శ’, ‘ష’, ‘ఫ’ కూడా అంతే. ‘చ’ సగం సగం. ‘సంత’ అంటే ఆయన చెవికి ‘అంత’ చేరుతుంది. ‘సాయి వచ్చాడు’ అంటే ‘ఆయి’ దగ్గర ఆగి, మన మొహం చూసి, మిగతాది తనే పూరించుకుంటాడు. అచ్చులు ఉండిపోయాయి, హల్లులు వెళ్ళిపోయాయి. గాజువాక ఆటోనగర్ షెడ్డుల్లో ఇరవై ఎనిమిదేళ్ళు ఫాబ్రికేషన్ పని చేసిన చెవులు అవి.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను కాబట్టి దీని వెనక కారణం నాకు తెలుసు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. దాని గుమ్మం దగ్గర ఉండే సన్నటి రోమకణాలు హెచ్చు ఫ్రీక్వెన్సీలని పట్టుకుంటాయి, లోపలికి పోయేకొద్దీ తక్కువవి. పెద్ద మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ముందు దెబ్బ తినేది దాదాపు 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. ఆ కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. మన హల్లుల్లో ఊదే శబ్దాలన్నీ ఆ ప్రాంతంలోనే ఉంటాయి. ఎనిమిది గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ మించకూడదని ఫ్యాక్టరీ నిబంధనలు చెప్తాయి. నాన్న పనిచేసిన చోట చెవులకి ఇచ్చిన రక్షణ దూది. అది కూడా ఇంటి దగ్గర నుంచి అమ్మ ఇచ్చి పంపేది.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, మోతనే సంగీతంగా చేసే మెర్జ్‌బౌ అనే ఒక జపాను కళాకారుడి గురించి దాదాపు పదిహేనేళ్ళు నేను పట్టుకుని తిరిగిన అభిప్రాయం పుట్టింది ఈ చెవుల్లోంచే. దాన్ని మార్చింది కూడా ఈ చెవులే.

2006లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ పెద వాల్తేరులో ఒక గదిలో ఉండేవాణ్ణి. రూమ్మేట్‌కి వింత సంగీతాల పిచ్చి. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ నా చెవులకి తగిలించి, ఏమీ చెప్పకుండా ప్లే నొక్కాడు. ఉపోద్ఘాతం లేదు, మొదటి క్షణం నుంచే పూర్తి మోత. ఎవరో వెయ్యి రేకుల్ని ఒకేసారి చించుతున్నట్టు, ఆ చించడం ఆగనట్టు. మూడు నిమిషాలకి తీసేశాను. అది మెర్జ్‌బౌ. ఆల్బమ్ పేరు పల్స్ డెమన్. ఇలా కరకు మోతతోనే చేసే సంగీతాన్ని హార్ష్ నాయిస్ అంటారని అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి మేమిద్దరం తెల్లవారేదాకా వాదించుకున్నాం. ఇది సంగీతం కాదు, కోపం అన్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే, ఎక్కడ ఆపినా ఒకటే అన్నాను. చివరికి నాకు బాగా నచ్చిన మాట ఒకటి దొరికింది: ‘నిశ్శబ్దంగా ఉండే ఇళ్ళలో పెరిగినవాళ్ళకే ఇది వినోదం. మా నాన్నకి దీన్నే జీతమిచ్చి వినిపించారు, చెవులు పోయాయి.’ వాడు ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎక్కడ ఈ ప్రస్తావన వచ్చినా నేను అదే మాట వాడేవాణ్ణి. హార్ష్ నాయిస్‌లో పేరున్న ఇన్‌కపాసిటాంట్స్ బృందంలో తొషిజి మికావా అనే ఆయన బ్యాంకు ఉద్యోగి అని ఎక్కడో చదివి, దాన్ని కూడా నా వాదనకి జత చేశాను. ‘చూశావా, ఏసీ గదిలో పనిచేసేవాళ్ళకే కావాలి ఈ మోత.’

ఇక మెర్జ్‌బౌ గురించి. ఆయన అసలు పేరు మసామి అకితా. 1956లో టోక్యోలో పుట్టాడు. యూనివర్సిటీలో చిత్రకళ, కళాసిద్ధాంతం చదివాడు. 1979లో ఈ పేరుతో పని మొదలుపెట్టి, క్యాసెట్లు సొంతంగా తయారుచేసి పోస్టులో పంపుకునేవాడు. పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ నుంచి తెచ్చుకున్నాడు. ష్విట్టర్స్ చెత్తలో దొరికిన కాగితాలు, చెక్కలు, టిక్కెట్లు అతికించి బొమ్మలు చేసేవాడు. ఒక బ్యాంకు ప్రకటనని కత్తిరిస్తే మిగిలిన ‘మెర్జ్’ అనే ముక్కనే తన కళకి పేరుగా పెట్టుకున్నాడు. హనోవర్‌లో తన ఇంటి గదుల్నే అలా ఏళ్ళ తరబడి అతుకుతూ కట్టిన కట్టడం పేరు మెర్జ్‌బౌ. 1943లో బాంబుదాడిలో అది నేలమట్టమైంది. అంటే అకితా పెట్టుకున్నది కూలిపోయిన ఇంటి పేరు. విశాఖపట్నం వాడిగా నాకు ఇక్కడ ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. జపాను నుంచి మా ఊరికి వచ్చిన మోత అంటే 1942 ఏప్రిల్ 6న విమానాలు వేసిన బాంబులు. మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆ శబ్దం గురించి ఎప్పుడు అడిగినా చెవులు మూసుకుని చూపించేది తప్ప మాటల్లో చెప్పేది కాదు.

నాన్న రిటైరయ్యాక ఇంట్లో ఇబ్బంది ఎక్కువైంది. టీవీ గొంతు పెరిగింది, ఫోన్లో మాట్లాడటం మానేశాడు. పరీక్ష చేయిస్తే, వినికిడిని గీసి చూపే ఆడియోగ్రామ్‌లో గీత తక్కువ ఫ్రీక్వెన్సీలుండే ఎడమవైపు బాగానే మొదలై, హెచ్చువి ఉండే కుడివైపుకి వెళ్ళేసరికి యారాడ కొండ అంచులా ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. వినికిడి మిషను కొన్నాం. గిన్నెల మోత తలలో కొడుతోందని దాన్ని అలమారలో పెట్టేశాడు. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. ఆయన చెవుల్లో పదిహేనేళ్ళుగా రాత్రీ పగలూ ఒక శబ్దం ఉందట. ‘కీచురాళ్ళలాగ’ అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, అందరికీ ఉంటుందనుకున్నాడట.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిశ్శబ్దమైన ఇళ్ళ గురించి అంత ధీమాగా మాట్లాడినవాణ్ణి, మా ఇంట్లో ఒక మనిషికి నిశ్శబ్దమే లేదని నాకు తెలియదు.

చెవుల్లో హోరు ఉన్నవాళ్ళకి పక్కన సన్నగా ఇంకో నిలకడైన శబ్దం పెడితే కొందరికి ఉపశమనంగా ఉంటుందని డాక్టరు చెప్పారు. ఫోనులో వాన శబ్దం, ఫ్యాన్ శబ్దం, వైట్ నాయిస్ అనే నిలకడైన రొద, ఇలా ఒక్కొక్కటీ పెట్టి చూశాం. వాన ఆయనకి నచ్చలేదు. ‘ఇది వాన కాదు’ అన్నాడు. ఫ్యాన్ ఫర్వాలేదన్నాడు. అలా వెతుకుతూ వెతుకుతూ ఒక సాయంత్రం, ఎందుకో నాకే సరిగ్గా తెలియదు, చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో బాగా తక్కువ వాల్యూమ్‌లో పల్స్ డెమన్ మొదటి ట్రాక్ పెట్టాను. పదిహేనేళ్ళ తర్వాత అదే మొదటిసారి.

నాన్న స్పీకర్‌ని అరచేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, చెవికన్నా ముందు చెయ్యి పెడతాడు. కాసేపు కదలకుండా కూర్చున్నాడు.

‘ఎవుల షెడ్డురా ఇది?’ అన్నాడు.

షెడ్డు కాదు నాన్నా, పాట అన్నాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

‘ఏజీ సెవెన్ లాగుంది. వీల్ అరిగిపోనాది. మార్సకుండా నొక్కేస్తన్నాడు.’ మళ్ళీ కాసేపటికి, ‘ఇక్కడ చెయ్యి తేలిక చేసినాడు సూడు.’ ఏజీ సెవెన్ అంటే ఏడంగుళాల గ్రైండరు. నాకు అక్కడ ఏ మార్పూ వినపడలేదు. ఆ మాట చెప్తే ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ‘అడుగున మోటారు ఆడతంది. నీకు ఇనపడ్డం లేదేటి?’

లేదు. నాకు వినపడటం లేదు. నాకు వినపడేదల్లా పైన చీల్చుకుపోతున్న రొద.

ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ఆడియోగ్రామ్ పక్కన పెట్టుకుని ఒక పని చేశాను. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో మార్చే ఈక్వలైజర్‌లో 2,000 హెర్ట్జ్ నుంచి పైకి, నాన్న చెవి ఎలా పడిపోయిందో అలాగే పాటని కూడా దించుకుంటూ వెళ్ళాను. మా నాన్న చెవులతో విన్నాను. పైపొర తొలగిపోయింది. కింద నిజంగానే మోటారు ఉంది. దడ్, దడ్ మని కొట్టుకునే ఒక బరువైన లయ, దాని మీద ఇంకొకటి కొంచెం వేరే వేగంతో. రెండూ కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, ఒకటి తప్పుకుంటే ఇంకొకటి ఆ చోటుని నింపుతోంది. ఒకసారి విన్నాక ఈక్వలైజర్ తీసేసినా అది పోలేదు. రొద లోపల అది ఎప్పటినుంచో ఆడుతూనే ఉంది, నేనే రొద దగ్గర ఆగిపోయాను. అకితా కుర్రతనంలో రాక్ వాయించే డ్రమ్మర్ అని తర్వాత చదివాను. 2009లో మొదలుపెట్టి పదమూడు జపాను పక్షుల పేరు మీద వరసగా చేసిన ఆల్బమ్‌లలో ఆయన మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. పిచ్చుక, గుడ్లగూబ, కాకి, ఇలా ఒక్కోదానికి ఒక్కో పక్షి. పల్స్ డెమన్ మొదటి ట్రాక్ పేరు కూడా వుడ్‌పెకర్ నంబర్ వన్. వడ్రంగిపిట్ట. 1996 నాటి ఆ పేరుని నేను 2006లో చూసి కూడా చదవలేదు. మానుని ముక్కుతో కొట్టి కొట్టి కన్నం పెట్టే పిట్ట పేరు దాని నెత్తి మీద రాసి ఉంటే, ఇందులో ఏమీ లేదని వాదించాను.

ఇక్కడ తెలుగు మాటల గురించి కొంచెం చెప్పాలి. ఇంగ్లీషులో నాయిస్ అనే ఒక్క మాటకి మన దగ్గర ఒక మంద ఉంది. చప్పుడు, సద్దు, అలికిడి, మోత, రొద, గోల, హోరు, ఘోష, రణగొణ. ఇవి ఒకదానికొకటి బదులు రావు. గోల మనుషులది. గోలలో ఎవరో ఎవరితోనో ఏదో చెప్పుకుంటున్నారు, వినేవాడు లేడు. మోత కొడితే వచ్చేది, దానికి ఒక చెయ్యి, ఒక రేకు ఉండాలి. రొద చెవిని పీడించేది. హోరు మాత్రం వేరు. హోరుకి యజమాని లేడు. సముద్రానికి హోరు, గాలికి హోరు, దూరంగా కురుస్తున్న వానకి హోరు. హోరుని ఎవరూ ఆపమని అడగరు. ఆపేవాడు లేడని తెలుసు కాబట్టి దానిలో నిలబడతారు. నేను 2006లో విన్నదాన్ని గోల అన్నాను. నా తప్పు అక్కడే మొదలైంది. గోల అనుకుంటే వెంటనే, ఎవడు అరుస్తున్నాడు, ఎవడి మీద అరుస్తున్నాడు అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు లేకపోతే మనమే ఒక కోపాన్ని కల్పించి అతికిస్తాం.

కోపానికి ఎదుటి మనిషి కావాలి. మెర్జ్‌బౌ రికార్డుల్లో ఎక్కువ భాగంలో గొంతే లేదు, మాటే లేదు, ఎవరినీ ఉద్దేశించడం లేదు. ఆయన కచేరీ వీడియోలు తర్వాత చాలా చూశాను. 1999 ప్రాంతంలో ల్యాప్‌టాప్‌కి మారాక బల్ల ముందు కూర్చుని, తల వంచుకుని, దాదాపు కదలకుండా పనిచేస్తాడు. అంతకుముందు రేకు మీద స్ప్రింగులు బిగించి, వస్తువు అదురుని పట్టే కాంటాక్ట్ మైకు తగిలించి సొంతంగా తయారుచేసుకున్న ఒక పెట్టెని గిటారులా మెడకి తగిలించుకుని గీకేవాడు. ఆ ఫొటో నాన్నకి చూపిస్తే దాన్ని పెద్దది చేయించుకుని చాలాసేపు చూశాడు. ‘స్ప్రింగు బాగా బిగించినాడు’ అన్నాడు. అది మెచ్చుకోలు. ఆయన మెచ్చుకోవడం నేను చాలా తక్కువసార్లు విన్నాను.

‘అంతా ఒకటే’ అన్న మాట గురించి నా దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉంది, ఉండి కూడా వాడుకోలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ ఆ శబ్దం గురించి నేను చెప్పక్కర్లేదు. గంటల తరబడి ఒకటే హోరు. రేకులు లేచిపోతున్న మోత, కిటికీ సందుల్లో ఈల, కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు, ఇవన్నీ ఆ హోరు లోపల విడివిడిగా వినపడుతూనే ఉన్నాయి. మేం మంచాల మీద ముడుచుకుని కూర్చున్నాం. నాన్న మాత్రం గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తుపాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా పడిపోయింది. అందరూ వీధిలోకి వచ్చారు. నాన్న చెయ్యి తియ్యలేదు. ‘అవ్వలేదు, లోపలికి రండి’ అన్నాడు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి కొట్టింది. ఈసారి హోరు వేరు. మొదటి సగం సన్నగా పైకి లేచేది, రెండో సగం మందంగా, నేల మీద పాకినట్టు ఉండేది. ఆ తేడా మా ఇంట్లో అందరం విన్నాం. ప్రాణభయంతో ఉన్నాం కాబట్టి విన్నాం. హోరులో కూడా ప్రతి నిమిషం మారుతుందని, దానిలో మొదలు, మధ్య, మలుపు ఉంటాయని ఆ రోజు చెవులు నేర్చుకున్నాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పొద్దున్న పిట్టల కూత లేదు, కూర్చోవడానికి చెట్టు లేదు. ఇంత జరిగాక కూడా నేను మెర్జ్‌బౌ దగ్గరికి తిరిగి వెళ్ళి విని చూడలేదు. నా అభిప్రాయం నాకు అంత సుఖంగా ఉండేది.

మూడో మాట, నిశ్శబ్దమైన ఇళ్ళ విలాసం అన్నది, పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. ఇష్టమైతే విని, చాలనుకుంటే ఆపేసేవాడికి, షిఫ్టు అయ్యేదాకా ఆపలేనివాడికి మధ్య తేడా నిజం. ఆ తేడాని ఏ కళా చెరపలేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు అంటాయి. ఆ రెండంకెలూ నాన్న బతుకులో ఏ రోజూ లేవు. కానీ ఆ మాటలో నేను చేసిన అన్యాయం వేరే ఉంది, అది చెప్పుకోకుండా ఈ వ్యాసం రాయకూడదు. నాన్న చెవుల్ని నేను సాక్ష్యంగా వాడుకున్నాను. నాన్నని మాత్రం అడగలేదు. షెడ్డులో ఆయన విన్నది ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. నా దృష్టిలో ఆయన మోతకి బలైన మనిషి, అంతే. ఆ మోతని ఇరవై ఎనిమిదేళ్ళు చదివిన మనిషి అని నాకు తట్టలేదు. వీల్ అరిగిందో లేదో, ప్లేటు ఎంత మందమో, షెడ్డులో పక్క భాగంలో వెల్డింగు సరిగ్గా కూర్చుంటోందో లేదో, కొత్త కుర్రాడు గ్రైండరు మీద అతిగా వాలిపోతున్నాడో లేదో ఆయన తల ఎత్తకుండా చెప్పగలిగేవాడట. ఈ మధ్యనే చెప్పాడు. అడిగితే చెప్పాడు. వెల్డింగు బాగా కూర్చుంటే నూనెలో ఏదో వేగుతున్నట్టు సమంగా చిటపటలాడుతుంది, అది తెగి తెగి వస్తే లోపల కన్నాలు ఉంటాయి. దెబ్బ తీసింది, నేర్పింది ఒకే శబ్దం. నా వాదనలో మొదటిదానికే చోటిచ్చాను.

శ్రావ్యంగా లేని శబ్దం మనకి పరాయిది అన్న భావన కూడా నాలో ఉండేది, దాన్ని కూడా వదిలేశాను. ఉత్తరాంధ్రలో పుట్టి తప్పెటగుళ్ళు చూడనివాళ్ళు తక్కువ. రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెటల్ని రెండు చేతులా బాదుతూ, గజ్జెలతో నేలని తొక్కుతూ గుంపు తిరుగుతుంటే, పక్కన నిలబడ్డవాడికి పాట మాటలు సగం వినపడవు. వినపడాలని ఎవరూ అనుకోరు కూడా. రేకు మోత రొమ్ములోకి దిగడమే అక్కడ జరిగే పని. జముకుల కథలో జముకు కూడా అంతే. తీగ లాగి వదులుతుంటే అది పాడదు, మూలుగుతుంది, గుర్రుమంటుంది. చిన్నప్పుడు మా వీధి చివర ఇవి విని పెరిగినవాణ్ణి, జపానాయన రేకు గీకితే మాత్రం సంగీతం ఎలా అవుతుందని అడిగాను.

మార్చుకోని అభిప్రాయాలు కూడా ఉన్నాయి. ఆయన తొలి రోజుల క్యాసెట్ల మీద, రాతల్లో తాళ్ళతో కట్టేసిన ఆడవాళ్ళ చిత్రాలు చాలా ఉన్నాయి. ఆ సంస్కృతి మీద ఆయన పుస్తకాలే రాశాడు. కళాచరిత్రలో దానికి ఏ వివరణ ఉన్నా నాకు అది రుచించలేదు, ఇప్పటికీ రుచించదు. శబ్దంలో లేని హింసని నేను శబ్దానికి అంటగట్టడంలో ఆ అట్టబొమ్మలకి కూడా వాటా ఉంది. అలాగే, ఎంత గట్టిగా భరించాను అన్నది లెక్కగా చెప్పుకునే శ్రోతలు ఉన్నారు. వాళ్ళంటే నాకు ఓర్పు లేదు. చెవి రోమకణాలకి కళ, కార్ఖానా అన్న తేడా తెలియదు. ఈ సంగీతం వినదలుచుకున్నవాళ్ళు దయచేసి తక్కువ వాల్యూమ్‌లో వినండి. తక్కువలో వింటే దీని బలం పోతుందని చాలామంది అంటారు. నా అనుభవం వేరు. నాన్న అరచేతిలో, పక్క గదిలోకి కూడా వినపడనంత సన్నగా వినిపించినప్పుడే నాకు దీని లోపలి పనితనం తెలిసింది. గట్టిగా పెడితే శరీరం తనని తాను కాపాడుకునే పనిలో పడుతుంది, ఇక వినడానికి ఎవరూ మిగలరు.

ఆయన రికార్డులన్నీ వినడం మనిషివల్ల అయ్యే పని కాదు. 2000లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ మెర్జ్‌బాక్స్ అని యాభై సీడీల పెట్టె వేసింది, అది కూడా అప్పటిదాకా చేసినవాటిలో ఒక వంతే. నేను విన్నవాటిలో నన్ను ఎక్కువ పట్టుకున్నవి 2000 తర్వాతవి. ఆ రోజుల్లో ఆయన మాంసం, పాలు అన్నీ మానేసి జంతువుల పక్షాన నిలబడ్డాడు. 2006లో వచ్చిన బ్లడీ సీ జపాను తిమింగలాల వేటకి నిరసన. అదే ఏడాది మినాజో వచ్చింది. మినాజో జపానులోని ఎనోషిమా అక్వేరియంలో ఉండే ఏనుగు సీలు అనే పెద్ద సముద్ర జంతువు. బకెట్ పట్టుకుని ప్రదర్శనలిచ్చేది, జనానికి చాలా ఇష్టం. 2005లో చనిపోయింది. అకితా దానికోసం పాట కట్టలేదు, మాటలు రాయలేదు. గంట దాకా సాగే హోరు చేసి దానికి ఆ జంతువు పేరు పెట్టాడు.

మొదట ఇది నాకు అర్థం కాలేదు. ఒక ప్రాణిని తలుచుకోవడానికి ఇంత మోత ఎందుకు? ఏడుపు అంటే మనకి రాగం. మన ఇళ్ళలో చావు దగ్గర ఆడవాళ్ళు ఏడ్చే ఏడుపులో కూడా వరస ఉంటుంది, చనిపోయిన మనిషితో మాట్లాడుతూ ఏడుస్తారు. దీనికి జవాబు నాకు ఆర్కే బీచ్‌లో దొరికింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా తీరానికి వస్తాయి. ఆ రోజుల్లోనే చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. అవి గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక నీళ్ళలోనే ఊపిరాడక పోతాయి. ఈ ఏడాది ఫిబ్రవరిలో పొద్దున్న నడకకి వెళ్ళి ఒకటి చూశాను. డిప్ప మీద ఇసుక, కళ్ళు లేవు, కుక్కలు దూరంగా నిలబడ్డాయి. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. దానితో ఏ భాషలో ఏం మాట్లాడాలి? దాని పేరు లేదు, ఊరు లేదు. తెలుగులో దాన్ని ఉద్దేశించి ఏడిస్తే అది నా ఏడుపు అవుతుంది, దానిది కాదు. అది జీవితమంతా విన్నది నీటి అడుగు హోరు, ఓడల ప్రొపెల్లర్ల మోత, మా పోర్టు మోత, ఆఖరుకి వల లాగే ఇంజిను మోత. అక్కడ నిలబడి మినాజో పెట్టుకున్నాను, సముద్రం కూడా వినపడేంత తక్కువలో. ఆ రెండింట్లో ఏది ఎక్కడ ఆగుతోందో కాసేపు తెలియలేదు. ఆయన మాటలు ఎందుకు తీసేశాడో అప్పుడు నాకు తెలిసినట్టనిపించింది. అవి మన మాటలు. ఆ జంతువుకి మన మాటలతో పని లేదు.

నా పాత రూమ్మేట్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు విన్నాడు. తను ఆ ఆల్బమ్ విని పదేళ్ళు దాటిందన్నాడు. ‘నువ్వు మీ నాన్న గురించి అన్న మాట తర్వాత నాకు దాన్ని పెట్టుకోబుద్ధి కాలేదురా’ అన్నాడు. ఇది నేను ఊహించలేదు. వాడికి క్షమాపణ చెప్పాను.

పోయిన ఆదివారం నాన్న వసారాలో కూర్చుని, ‘ఆ జపానోడిది ఎట్టు’ అన్నాడు. మినాజో పెట్టాను. స్పీకర్ ఎప్పటిలాగే అరచేతిలో. చాలాసేపటికి ఇది దేనికి చేశాడు అని అడిగాడు. ‘సముద్రంలో ఉండే పెద్ద జంతువు నాన్నా, అక్వేరియంలో పెట్టి ఆడించేవాళ్ళు, చచ్చిపోయింది, దానికోసం చేశాడు’ అని గట్టిగా, పెదాలు కనపడేలా చెప్పాను.

‘ఎంత బరువుంటాది?’

మగవి మూడు, నాలుగు టన్నుల దాకా ఉంటాయని చెప్పి, నాలుగు వేళ్ళు చూపించాను.

ఆయన ఒక నిమిషం లెక్క వేసుకున్నాడు. నాలుగు టన్నుల సామాను క్రేనుకి తగిలించినప్పుడు గొలుసు చేసే శబ్దం ఆయనకి తెలుసు. మళ్ళీ స్పీకర్ మీదికి తల వంచాడు.

‘మరి ఈ మాత్రం ఉండాల’ అన్నాడు.